ఆర్విల్ సంతకం చెయ్యలేదు

"అయ్యా, మా ఇంట్లో నా సంరక్షణలో ఉన్న ఆర్విల్ స్టెన్‌బర్గ్‌గారి పెట్టెను మంగళవారం తెల్లవారుజామున ఆయనే వచ్చి విప్పుకున్నారు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. సంతకం చెయ్యలేదు. దీనివల్ల నా మీద తప్పేమైనా పడుతుందా? నిబంధన ఏమిటో తెలుపగలరు. వెర్నా హౌగన్, టామరాక్ క్రీక్."

ఇదీ ఆ కార్డు. ఇరవై ఎనిమిదేళ్ళుగా తపాలా దర్యాప్తు చేస్తున్నాను. పోయిన ఉత్తరాల గురించి, పోయిన పార్సెళ్ళ గురించి ఫిర్యాదులు చూసి చూసి కళ్ళు పోయాయి. పోయినవాడే వచ్చి పార్సెల్ విప్పుకున్నాడన్న ఫిర్యాదు మాత్రం ఇదే మొదలు.

గురువారం సాయంత్రం అది మోంటానాలోని బిల్లింగ్స్‌లో నా బల్ల మీదికి చేరింది. మామూలు రోజైతే దాన్ని ఆఫీసంతా దద్దరిల్లేలా చదివి, నాలుగు జోకులు అతికించి, గోడకి అంటించేవాణ్ణి. ఆ రోజు ఆ పని చెయ్యలేదు. కారణం, పక్కనే ఉన్న దినపత్రిక. అదే మంగళవారం, అదే టామరాక్ క్రీక్‌లో, వెర్నా ఇంటికి మైలున్నర దూరాన, హోమర్ ట్రాస్క్ అనే వేటగాడు వీపున తూటా దెబ్బతో వాగులో బోర్లా పడి కనిపించాడు. హంతకుడిగా పట్టుకున్నది వెర్నా తమ్ముడు ఐవర్‌ని. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి అతన్ని జిల్లా కోర్టుకి తరలించి హత్యానేరం మోపుతారు.

ఒకే తెల్లవారుజామున ఒక బతికినవాడు చచ్చాడు, ఒక చచ్చినవాడు వచ్చాడు. ఈ రాకపోకల లెక్క నాకు నచ్చలేదు.

శుక్రవారం చీకటితోనే బయల్దేరాను. దారిలో ఎనిమిదీ యాభైకి ఆ లోయకి దగ్గరున్న ఊళ్ళోని పోస్టాఫీసు దగ్గర ఆగి, పోస్టుమాస్టరు లెనోరాని రెండు ప్రశ్నలు అడిగి, ఒక కాగితం చూసి జేబులో పెట్టుకున్నాను. అక్కణ్ణుంచి పంతొమ్మిది మైళ్ళు. తొమ్మిదీ నలభైకి వెర్నా గుమ్మం తొక్కాను. పన్నెండుకి ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలుంది.

నాకన్నా ముందే షెరీఫ్ డిప్యూటీ కాల్ రడిగర్ వంటింట్లో కూర్చుని పాన్‌కేకుల మీద పాకం పోసుకుంటున్నాడు. తమ్ముణ్ణి కటకటాల్లోకి తోసిన చేత్తోనే అక్క వడ్డించింది తినగల ధైర్యశాలి మా మోంటానాలో వాడొక్కడే. వెర్నాకి అరవై ఏడేళ్ళు. పొయ్యి దగ్గర వెన్ను వంచకుండా నిలబడి ఉంది. వేట రోజుల్లో ఆమె ఇల్లే ఈ లోయకి సత్రం. బల్ల దగ్గర కూర్చున్నవాడు ఎవడైనా సరే వడ్డించాలన్నది ఆ ఇంటి ఆచారం. వడ్డించింది. వాడి మొహం మాత్రం చూడలేదు.

"స్టాంపులు అమ్ముకోక ఇటెందుకొచ్చావు ఆర్లో?" అన్నాడు కాల్.

"స్టాంపుకి నాలిక ఉంటే చాలు. నీ పనీ అదేగా, నాకి అంటించడం. పోటీ చూద్దామని వచ్చాను," అన్నాను.

పదేళ్ళ పరిచయం మాది. స్నేహమని ఎవరైనా అంటే ఇద్దరం దావా వేస్తాం.

తన కేసు ఎంత గట్టిదో కాల్ నాకు వేలు మడిచి మరీ చెప్పాడు. మంగళవారం ఉదయం ఆరూ నలభైకి ఇదే వంటింట్లో తనూ, వెర్నా, గేలన్ వోస్ కాఫీ తాగుతున్నారు. గేలన్ అంటే పోయిన హోమర్ బావమరిది, ఇద్దరూ కలిసే వేటకొచ్చి ఈ ఇంట్లోనే దిగారు. అప్పుడు వాగు వైపు నుంచి ఒక్క తుపాకి దెబ్బ వినపడింది. ముగ్గురూ విన్నారు. ఏడింటికి ఐవర్ అటువైపు నుంచే దిగి వచ్చాడు, చేతిలో అప్పుడే పేలిన తుపాకి. అడిగితే గుంటనక్కని కొట్టబోయి గురి తప్పానన్నాడు. నక్క లేదు, నక్క వెంట్రుక కూడా లేదు. ఏడున్నరకి హోమర్ శవం దొరికింది. ముందు రోజు ఐవరూ హోమరూ ఏ చెట్టు కింద ఎవరు కాపు కాయాలని పోట్లాడుకున్నారు. తూటా ఒళ్ళు దూసుకుని వాగులో పడింది, దొరకలేదు. ప్రాణం పోయింది నాలుగుకీ ఏడుకీ మధ్య అని డాక్టరు అంటున్నాడు. ఆరూ నలభై అందులో చక్కగా ఇమిడింది.

గేలన్ ఎక్కడని అడిగాను. బావ పడిపోయిన చోట శిలువ పాతుతానని తెల్లారకముందే వాగుకి వెళ్ళాడట, తిరిగొచ్చి మధ్యాహ్నం తన ఊరికి బయల్దేరతాడట. పాపం, మనిషి కుంగిపోయాడని కాల్ జాలి పడ్డాడు.

నేను కార్డు తీసి బల్ల మీద పెట్టాను. కాల్ చదివి, పాకం పొరపోయేంతగా నవ్వాడు. దయ్యం సాక్ష్యానికి సమన్లు ఏ చిరునామాకి పంపాలని అడిగాడు. వెర్నా గరిటె కింద పెట్టి చేతులు తుడుచుకుంది.

"మీరు రండి నాయనా. పెట్టె చూపిస్తాను," అంది నాతో.

వంటింటి పక్కన పొడవాటి నడవ. దాని చివర వాగు వైపు దొడ్డి తలుపు. మధ్యలో ఎడమ పక్క బలమైన పైన్ చెక్క తలుపుతో పెట్టెల గది. మా వెనకే కాల్ కూడా వచ్చాడు, కాఫీ కప్పుతో సహా, వినోదం చూడ్డానికి.

ఇక్కడ నిబంధన ఒకటి చెప్పాలి. తపాలాలో పిస్తోలు పంపడం మామూలు మనిషికి కుదరదు. పొడవు తుపాకి కుదురుతుంది, కానీ ఒట్టిది, తూటా లేనిది. పెట్టె మీద లోపలున్నది తుపాకి అని తెలిసే రాత ఒక్కటి ఉండకూడదు. గొట్టం, కర్ర, మీట లాంటి భాగాలు విడివిడిగా వెళ్ళొచ్చు, అవి కాళ్ళూ చేతులు. నంబరు చెక్కిన ఇనుప ఒళ్ళుంది చూశారూ, అదే తుపాకి, ప్రాణం దాన్లో ఉంటుంది. పరాయి రాష్ట్రంలో ఉన్నవాడికి పంపాలంటే వాడు లైసెన్సున్న వ్యాపారి కావాలి. లేదంటే ఇంకొక్క దారి: వేటకి వెళ్తున్నవాడు తన తుపాకి తనకే పంపుకోవచ్చు. పైన తన పేరు, కింద కేరాఫ్ అని అక్కడివాళ్ళ పేరు. పెట్టె ముందు చేరుతుంది, మనిషి వెనక చేరతాడు. ఆ మనిషి తప్ప ఇంకెవరూ దాన్ని విప్పకూడదు.

మనిషి వెనక చేరకపోతే ఏం చెయ్యాలో నిబంధనలో లేదు.

మామూలు అరల్లో ఈ ఏటి పెట్టెలున్నాయి. పైన ఒక అర మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద మూడు పొడవాటి అట్టపెట్టెలు, పక్కపక్కన, తలలన్నీ ఒకే వైపు. కర్పూరం వాసన. కిటికీ లేదు. గాలి మాత్రం ఎక్కణ్ణుంచో ఊపిరి తీస్తున్నట్టు తీస్తోంది. నేను టోపీ తీసేశాను. ఎందుకు తీశానో నాకూ తెలీదు.

ముగ్గురూ రాకుండా పోయినవాళ్ళే. ఒకడికి గుండె ఆగింది, ఒకడికి పక్షవాతం. మూడోవాడు మినసోటా నుంచి ఆర్విల్ స్టెన్‌బర్గ్. పెట్టె శుక్రవారం చేరింది, మనిషి శనివారం మంచు తుఫానులో దారి మీదే పోయాడు. టపా ఒకరోజు ముందొచ్చింది, ఆయన ఒకరోజు ఆలస్యంగా టపా కట్టాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె గుడ్డ మీది మడత సరిచేస్తున్న తీరు చూసి మింగేశాను.

ఆర్విల్ వాళ్ళెవరూ పెట్టె అడగలేదా అన్నాను. ఆయనకి వాళ్ళంటూ ఎవరూ లేరట. పద్నాలుగేళ్ళు వరసగా వచ్చాడట. చివరిసారి ఫోనులో, నేను వచ్చేదాకా జాగ్రత్త వెర్నా అన్నాడట. శనివారం శనివారం ఆమె ఈ మూడింటి దుమ్ము దులిపి, బయట వాన కురిసిందో మంచు పడిందో వాటికి చెబుతుందట. అతిథులకి రాత్రి భోజనాల దగ్గర ఈ కథ చెప్పడం, అడిగితే గది చూపించడం కూడా మామూలే. గది తాళంచెవి తలుపు పక్క మేకుకే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కడూ దాన్ని ముట్టలేదట.

"మంగళవారం ఏమైంది? గంటలతో సహా చెప్పండి."

ఆమె తడబడకుండా చెప్పింది. ఐదూ ఇరవైకి లేచింది. పెద్ద గాలి, చెవుల్లో హోరు, ఆరు దాటాక గానీ తగ్గలేదట. పొయ్యి వెలిగించడానికి వస్తూ ఉంటే ఈ గదిలో అలికిడి వినపడింది. భయమేసి తన గదికెళ్ళి ప్రార్థన చేసుకుంది. ఐదున్నర దాటాక ధైర్యం తెచ్చుకుని తలుపు తీసింది. ఎవరూ లేరు. ఆర్విల్ పెట్టె రెక్కలు రెండూ పైకి లేచి ఉన్నాయి.

"లోపలేముందో చూశారా?"

"ఆయన పెట్టె నేనెలా చూస్తాను? మొహం తిప్పుకుని రెక్కలు మూసి టేపు వేశాను."

ఆమె వేలితో చూపించింది. కొత్త టేపు. దాని మీదుగా, సగం టేపు మీద సగం అట్ట మీద పడేలా, సిరాతో రాసి ఉంది: వెర్నా హౌగన్, మంగళవారం, తారీఖు, 5:35. ఏ పెట్టె వచ్చినా ఆమె అలాగే సంతకం చేసి టైము వేస్తుందట. ఎవరైనా విప్పితే గీత కలవకుండా పోతుంది. తక్కిన రెండు పెట్టెల మీదా అదే అలవాటు, ఏళ్ళ కిందటి సిరా.

చూశారా తమాషా? లోకంలో ఇంకెవరైనా తెరిచి ఉన్న పెట్టె చూస్తే ముందు తొంగి చూస్తారు, తర్వాత కేక పెడతారు. ఈవిడ కళ్ళు మూసుకుని టేపు వేసింది. కేరాఫ్‌లో కేరంతా ఈవిడది. ఆఫ్ అయినవాడు మాత్రం ఆయన.

"ఐవరే తీసుంటాడు," అన్నాడు కాల్ వెనక నుంచి. "ఇంట్లోవాడు. తాళంచెవి ఎక్కడుందో తెలుసు. తన తుపాకితో కాల్చాడనుకున్నాను, చచ్చినవాడి తుపాకితో కాల్చాడన్నమాట. ఇంకా మంచిదే."

అంటూనే జేబులోంచి కత్తి తీసి విప్పాడు. నేను వెళ్ళి పెట్టెకీ వాడికీ మధ్య నిలబడ్డాను. నా వెడల్పుకి దారి మూసుకుపోవడం కష్టమేం కాదు.

"నీ అధికారం పెట్టె చేరవేసిన రోజుతోనే అయిపోయింది," అన్నాడు కాల్. "పదకొండేళ్ళయింది. ఇది తపాలా కాదిప్పుడు, అట్టముక్క. తప్పుకో."

వాడన్నది నిజమే. అప్పడమంత పల్చటి అధికారం నాది, ఆ అప్పడం కూడా చెమ్మగిల్లింది. కానీ వాడి చేతిలో వారంటు లేదు. జడ్జికి ఫోన్ చేసి తెచ్చుకో అన్నాను. దయ్యం పెట్టె విప్పాలని చెప్పి తను జడ్జి దగ్గర నవ్వులపాలు కాలేనన్నాడు. వారంటు లేకుండా కోసిన పెట్టెలో ఏది దొరికినా, ఎవరి వకీలైనా ఐదు నిమిషాల్లో దాన్ని చెత్తబుట్టలో వేయిస్తాడని గుర్తుచేశాను. కత్తి మడిచాడు గానీ జేబులో పెట్టుకోలేదు.

"విప్పకుండా ఏం తెలుస్తుందిరా నీకు?"

"నేను తపాలావాణ్ణి. మాకు విప్పకుండా తెలుసుకోవడమే చదువు."

కారు డిక్కీలోంచి తూకం యంత్రం తెచ్చి బల్ల మీద పెట్టాను. పార్సెల్ ఇచ్చిన రోజున దాని బరువు చీటీ మీద పడుతుంది. మనుషులు వయసుతో బరువెక్కుతారు, అట్టపెట్టె ఎక్కదు. నా సంగతి వదిలెయ్యండి. ముందు మొదటి ఇద్దరి పెట్టెలు తూచాను. చీటీలో ఉన్నదానికన్నా ఒకటి అర ఔన్సు తక్కువ, రెండోది ముప్పావు తక్కువ. పొడి గదిలో ఏళ్ళ తరబడి అట్ట ఆరిపోతే అంతే తగ్గుతుంది.

ఆర్విల్ పెట్టె చీటీ మీద పది పౌండ్ల ఆరు ఔన్సులు. యంత్రం మీద పది పౌండ్ల తొమ్మిది ఔన్సుల పైచిలుకు చూపించింది.

"టేపు బరువు," అన్నాడు కాల్.

వెర్నా దగ్గర టేపు చుట్ట అడిగి, పెట్టె మీదున్నంత పొడుగు కత్తిరించి తూచాను. పావు ఔన్సు కూడా లేదు. ఇద్దరినీ అంకెలు చూసుకోమన్నాను. ఎండి తగ్గాల్సిన పెట్టె మూడు ఔన్సులు పెరిగింది. ఇంత తుపాకికి పట్టే తూటా ఒక్కోటి ఔన్సుకి పిసరు తక్కువ తూగుతుంది. తూటా దాక్కుంటుంది గానీ తూకం దాక్కోదు.

కాల్ కప్పు కింద పెట్టాడు. "లోడ్ చేసి ఉందంటావా?"

"ఒట్టి తుపాకిగా వచ్చింది. ఎవడో తీసి, నింపి, వాడి, తొందరలో ఖాళీ చెయ్యకుండానే పడుకోబెట్టాడంటాను."

వాడి మొహంలో మొదటిసారి నవ్వు లేదు. అయినా వెనక్కి తగ్గలేదు. చేసింది ఐవర్ కాదని ఆ యంత్రం ఎక్కడ చెబుతోందని అడిగాడు. అప్పుడు లెనోరా దగ్గర తీసుకున్న కాగితం జేబులోంచి తీశాను. తపాలా లారీ సరుకు దించే రోజువారీ చీటీ అది. మంగళవారం సరుకు దించింది, అక్కడ కూలికి పనిచేసే ఐవర్ హౌగన్. వచ్చింది నాలుగూ నలభైకి, వెళ్ళింది ఐదూ యాభైకి. పక్కన లారీ డ్రైవరు సంతకం, లెనోరా సంతకం. ఇక్కడికి పంతొమ్మిది మైళ్ళు, కొండదారి.

ఈ కాగితం పొద్దున్న నాకే పనికిమాలిందిగా కనిపించింది. చావు ఆరూ నలభైకని లోకమంతా నమ్ముతుంటే, ఐదింటికి మనిషి ఎక్కడున్నా ఒకటే. కానీ ఈ టేపు మీద 5:35 అని ఉంది. తుపాకి అప్పటికే తిరిగొచ్చి పెట్టెలో పడుకుంది. అంటే హోమర్ చచ్చింది అంతకు ముందు, చీకట్లో, హోరుగాలిలో. కాపు కాసే చెట్టుకి అతను రోజూ నాలుగున్నరకే తలకి దీపం కట్టుకుని నడిచేవాడని వెర్నా చెప్పింది. దీపానికి గురి పెట్టడం ఎంత పని? "ఆరూ నలభైకి మీరు ముగ్గురూ విన్నది ఐవర్ నక్క మీద తప్పిన గురి," అన్నాను కాల్‌తో. "దాన్ని నువ్వు హోమర్ మీద తప్పని గురి చేశావు."

"నిన్నెవరు కాఫీకి పిలిచారు ఆ రోజు?" అని అడిగాను.

కాల్ మడిచిన కత్తిని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, గేలన్ పిలిచాడన్నాడు. ముందు రోజు సాయంత్రం ఊళ్ళో కనిపించి, వెర్నత్త పాన్‌కేకులు తిని ఎన్నాళ్ళయిందని, పొద్దున్నే రమ్మన్నాడట. వేటకాలంలో తెల్లారాక ఎక్కడో ఒక తుపాకి పేలక మానదు, అప్పుడు పక్కన డిప్యూటీ ఉంటే గేలన్‌కి చాలు.

పది నలభై ఐదయింది.

"పెట్టె విప్పితే గానీ ఇదంతా గాలిమాటే," అన్నాడు కాల్, ఈసారి గొంతు తగ్గించి. "వారంటుకి ఇప్పుడు ఫోన్ చేస్తాను. కానీ జడ్జి ఇంకో కేసులో కూర్చున్నాడు. పన్నెండు లోపల రాదు. ఒకసారి నేరం మోపాక ఐవర్‌ని వెనక్కి తేవాలంటే నెలలు పడుతుంది ఆర్లో. అతని తీరు నీకు తెలీదు. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు, గోడకేసి తిరిగి కూర్చున్నాడు."

ఇద్దరం వెర్నా వైపు చూశాం.

"వెర్నాగారూ," అన్నాను, "విప్పమని మీకు నేను చెప్పలేను. ఆయన కూడా చెప్పలేడు. ఉద్యోగస్తులం. పెట్టె మీ సంరక్షణలో ఉంది. మీరేం చేస్తే అది మీ ఇష్టం. తూకం చూపించింది మాత్రం చూశారుగా."

"యజమాని తప్ప ఇంకొకరు విప్పకూడదని మీ పుస్తకంలోనే కదా ఉంది?"

"ఉంది."

"పదకొండేళ్ళు ఉంచాను నాయనా."

నిబంధన అన్న మాటలో బంధం ఎక్కడుందో ఆ గదిలో కనబడింది. మా ఇంట్లో అటక మీదా ఒక పెట్టె ఉంది, మూత మీద మా ఆవిడ చేతిరాతతో. ఆరేళ్ళయింది. దాన్ని విప్పమని ఎవరైనా నాతో అంటే వాణ్ణి మెట్ల మీంచి దొర్లిస్తాను. అలాంటివాణ్ణి, ఈమెకి ఎదురుగా నిలబడి గడియారం చూస్తున్నాను.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, కూరలు తరిగే చిన్న కత్తితో తిరిగొచ్చి, తలుపుకి లోపల గడియ పెట్టింది. పెట్టె తల దగ్గర ఒక చెయ్యి ఆనించి, ఆర్విల్‌కి మాత్రమే వినపడాలన్నట్టు ఏదో అంది. ఐవర్ అన్న మాట ఒక్కటే నాకు తెలిసింది. తర్వాత తన సంతకం మధ్యలోంచే కోసింది.

రెక్కలు లేవగానే కర్పూరం వాసన వస్తుందనుకున్నాను. కాలిన మందు వాసన వచ్చింది. పదకొండేళ్ళ వాసన కాదు, మూడు రోజులది. తుపాకికి చుట్టిన ఎర్రగళ్ళ ఉన్ని చొక్కా మీద వాగు బురద ఎండి పెచ్చులుగా రాలుతోంది. చేతిరుమాలుతో పట్టుకుని గొట్టం గోడ వైపు తిప్పి, మీట వెనక్కి లాగాను. ఖాళీ తొడుగు ఒకటి ఎగిరి తెల్లగుడ్డ మీద పడింది. తుపాకి లోపల తూటాల అరలో ఇంకా మూడున్నాయి, నిండువి.

కాల్ టోపీ తీశాడు. "వెర్నత్తా," అన్నాడు. ఫోన్ అందుకుని, ఐవర్‌ని ఎక్కించబోతున్న బండి ఆపమని ఊళ్ళోకి చెప్పాడు. కారణం తర్వాత చెబుతానన్నాడు. అంతటితో ఐవర్ గండం గడిచిందనుకుని నేను ఊపిరి వదిలాను.

వెర్నా మాత్రం ఆ చొక్కానే చూస్తోంది. బురద పెచ్చుని గోటితో తీసి, వేలి మీద పెట్టుకుని చూసుకుంది.

"అయితే అది ఆర్విల్ కాదు," అంది.

కాదన్నాను.

"నేను మీకు ఒక మాట చెప్పలేదు. నవ్వుతారని." ఆమె వేలి మీది పెచ్చుని దులిపేసింది. "అలికిడి విని, నేను ఊరికే వెళ్ళిపోలేదు. తలుపు దగ్గర నిలబడి అడిగాను. ఆర్విల్, నువ్వేనా అని. లోపల్నుంచి జవాబొచ్చింది. అవును వెర్నా, నేనే, పడుకో అని. మెల్లగా, గాలిలో కలిసిపోయి వచ్చింది. ఈ ఊళ్ళో నన్నందరూ అత్తా అనేవాళ్ళే. ఒట్టి పేరుతో పిలిచిన మనిషి ఆయనొక్కడే. మూడు రోజుల నుంచీ రెండు కప్పులు కాఫీ పోస్తున్నాను నాయనా."

కాల్ నా వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. హంతకుడి గొంతు విన్న మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆ సంగతి హంతకుడికి మంగళవారం నుంచీ తెలుసు. ఆమె దాన్ని దయ్యం అనుకున్నన్నాళ్ళే ఆమెకి ఆయుష్షు. ఇవాళ మధ్యాహ్నం గేలన్ ఇక్కణ్ణుంచి వెళ్ళిపోబోతున్నాడు. వెళ్ళేముందు ఆ సంగతి తేల్చుకోకుండా వెళ్తాడా?

దొడ్డి తలుపు కిర్రుమంది.

వాగు వైపు నుంచి వచ్చినవాడికి ఇంటి ముందున్న మా కార్లు కనబడవు. తడి బూట్లు నడవలో నింపాదిగా నడిచొచ్చాయి. పెట్టెల గది తలుపు దగ్గర ఆగాయి. కింద సందులో రెండు నల్లటి నీడలు నిలిచాయి. కాల్ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. నేను వేలు పెదాల మీద పెట్టుకున్నాను.

వెర్నా మా ఇద్దరినీ దాటి తలుపు దగ్గరికి నడిచింది. ఆపబోయాను, చేతికందలేదు. చెక్క మీద అరచెయ్యి ఆనించి, మంగళవారం అడిగిన గొంతుతోనే అడిగింది.

"ఆర్విల్, నువ్వేనా?"

బయట ఊపిరి ఆగింది. నేను ఐదు లెక్కపెట్టాను. అప్పుడు చాలా మెల్లగా, చాలా ప్రేమగా, మగ గొంతు పలికింది.

"అవును వెర్నా. నేనే. లోపల ఒక్కదానివే ఉన్నావా?"

కాల్ తలుపుకి పక్కగా జరిగి గోడకి ఆనుకున్నాడు. పిస్తోలు బయటికొచ్చింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ, గొంతు వణకలేదు.

"ఒక్కదాన్నే," అంది వెర్నా, గడియ తీస్తూ. "పదకొండేళ్ళ నుంచీ ఒక్కదాన్నే."